మినరల్ పాయింట్ నుంచి గ్వెన్నప్ దాకా: గనుల్లో పనిచేసిన ఒక వలస కుటుంబం ఊరు వెతుకుతూ

మా వియ్యపురాలి తల్లివైపు పూర్వీకుడు ఒకాయన 1840ల్లో ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ నుంచి అమెరికా వచ్చి, విస్కాన్సిన్ సీసపు గనుల్లో పనిచేశాడు. వాళ్ళింట్లో మిగిలింది ఆయన పేరు, ‘ఇంగ్లండ్’ అన్న మాట, అంతే. ఏ ఊరో ఎవరికీ తెలీదు. ఇలాంటప్పుడు చాలామంది నేరుగా లండన్ విమానం ఎక్కేస్తారు. పేరొక్కటే పట్టుకుని అక్కడికి వెళ్తే ఒకే పేరుతో వందమంది కనబడతారు. అమెరికాలో దొరికే కాగితం, రాయి అన్నీ చూసేశాకే సముద్రం దాటాలి. మా ప్రయాణం కూడా ఆ వరసలోనే సాగింది.

సెప్టెంబర్ 5, 6 – మాడిసన్

విస్కాన్సిన్ హిస్టారికల్ సొసైటీ లైబ్రరీ స్టేట్ స్ట్రీట్ చివర, యూనివర్సిటీ ఆవరణలో ఉంది. లోపలికి వెళ్ళడానికి రుసుము లేదు. రాష్ట్రమంతటా జనన మరణాల నమోదు 1907 నుంచే గట్టిగా అమలైంది. అంతకుముందువి కొన్ని ఉంటాయి, కొన్ని ఉండవు. దొరికితే నకలుకి 20 డాలర్లు. ఇండెక్సులో పేరు కనబడకుండా డబ్బు కట్టొద్దు. లేదన్నా ఆ 20 తిరిగి రాదు.

ముందు కూర్చోవలసింది జనాభా లెక్కల ముందు. 1850కి ముందు లెక్కల్లో ఇంటి పెద్ద పేరొక్కటే ఉంటుంది, మిగతావాళ్ళు అంకెలే. 1850 నుంచి ఇంట్లో అందరి పేర్లూ వస్తాయి. పుట్టినచోటు గడిలో మాత్రం ‘ఇంగ్లండ్’ అని రాసి ఊరుకుంటారు. అసలు సమాచారం పిల్లల గడుల్లో దాగి ఉంటుంది. పెద్దపిల్ల ఇంగ్లండ్‌లో, రెండోవాడు పెన్సిల్వేనియాలో, మూడోది విస్కాన్సిన్‌లో పుట్టారని ఉంటే వలస ఎప్పుడో, ఏ దారిలోనో రెండు మూడేళ్ళ తేడాతో తేలిపోతుంది. 1900 లెక్కల్లో వలస వచ్చిన సంవత్సరం అడిగారు కానీ అప్పటికి ఈ తరం చాలావరకు పోయింది. 1890 కాగితాలు 1921లో అగ్నిప్రమాదంలో దెబ్బతిని దాదాపు మొత్తం పోయాయి. 1880 నుంచి 1900కి గెంతక తప్పదు.

ఇంకో చిక్కు. 1850లో ఇంట్లో భార్యాపిల్లలు ఉండి భర్త కనబడకపోతే చనిపోయాడని రాసేసుకోకండి. 1849, 50ల్లో ఈ సీసపు ఊళ్ళ నుంచి మగవాళ్ళు గుంపులుగా కాలిఫోర్నియా బంగారానికి పోయారు. కొందరు తిరిగొచ్చారు, కొందరు గ్రాస్ వ్యాలీలో ఉండిపోయారు. భర్త పేరు అక్కడి లెక్కల్లోనూ వెతకాలి.

శనివారం పొద్దున రాష్ట్ర క్యాపిటల్ భవనం చుట్టూ రైతుబజారు. అందరూ గడియారం ముల్లుకి ఎదురు దిశలో నడుస్తారు. బోర్డు చూసి కాదు, అదంతే. మనం ముల్లు తిరిగే వైపు నడిస్తే ఎవరూ ఏమీ అనరు గానీ ప్రతి ఒక్కరూ చిరునవ్వుతో పక్కకి జరుగుతారు. ఆ చిరునవ్వుకే సిగ్గేసి మనం వెనక్కి తిరుగుతాం. తాజా చీజ్ కర్డ్స్ కొరికితే పళ్ళ కింద కీచుమంటాయి. చప్పుడు లేకపోతే నిన్నటివని అర్థం.

సెప్టెంబర్ 6, 7 – మినరల్ పాయింట్

మాడిసన్ నుంచి నైరుతిగా యాభై మైళ్ళ చిల్లర. 1820ల చివర్లో ఇక్కడ సీసం బయటపడగానే జనం ఎగబడ్డారు. మొదట వచ్చినవాళ్ళు కొండవాలులో బొరియలు తవ్వుకుని వాటిలోనే పడుకునేవాళ్ళు. విస్కాన్సిన్‌కి బ్యాడ్జర్ రాష్ట్రమన్న పేరు అందుకే వచ్చింది. పైపైన దొరికే సీసం అయిపోతున్న సమయంలో కార్న్‌వాల్ వాళ్ళు దిగారు. లోతుగా తవ్వడం, రాతికి రంధ్రం వేసి పేల్చడం వాళ్ళకి తరతరాల విద్య. పేలుడుకి వాడే సేఫ్టీ ఫ్యూజ్ 1831లో కనిపెట్టింది కూడా కార్న్‌వాల్‌లోని టకింగ్‌మిల్‌లో ఉన్న విలియం బిక్‌ఫర్డ్. 1836 జులై 4న ఇంకా రాష్ట్రం కాని విస్కాన్సిన్ టెరిటరీకి మొదటి గవర్నరుగా హెన్రీ డాడ్జ్ ప్రమాణం చేసింది ఈ ఊళ్ళోనే. ఇవాళ రెండున్నర వేలమంది ఉండే ఊరంటే నమ్మడం కష్టం.

షేక్ ర్యాగ్ స్ట్రీట్‌లో పెండార్విస్ అనే రాతి ఇళ్ళ గుంపు ఉంది. 1935లో రాబర్ట్ నీల్, ఎడ్గర్ హెల్లమ్ అనే ఇద్దరు కూలిపోతున్న ఇల్లొకటి కొని బాగుచేయడం మొదలుపెట్టారు. ఖర్చు రాబట్టడానికి అందులోనే పాస్టీలు అనే కార్న్‌వాల్ వంటకం వండి వడ్డించారు. ఇప్పుడది రాష్ట్ర హిస్టారికల్ సొసైటీ చేతిలో ఉంది, చలికాలం మూసేస్తారు. గోడల్ని దగ్గరగా చూడండి. వీధివైపు రాయి నున్నగా చెక్కి, వరస తప్పకుండా పేర్చారు. పక్కగోడకి వెళ్ళేసరికి దొరికిన రాయి దొరికినట్టు. చెక్కడానికి పట్టే శ్రమ అంతా వచ్చేపోయేవాళ్ళకి కనబడేచోటే పెట్టారు. భోజనం వేళకి ఆడవాళ్ళు గుమ్మంలో గుడ్డ ఊపితే ఎదురుకొండ మీద గనిలోని మగవాళ్ళు దిగొచ్చేవారట, వీధికి ఆ పేరు అందుకేనట. గైడు ఈ కథ చెప్పేటప్పుడు తనే సగం నవ్వింది.

హై స్ట్రీట్‌లోని హోటల్లో పాస్టీ తిన్నాం. ఆకారానికి పెద్దసైజు కజ్జికాయే, అంచు మడత కూడా అదే తరహా. లోపల బీఫ్, బంగాళదుంప, ఉల్లి, స్వీడ్ అనే పసుపుపచ్చ దుంప, ఉప్పు, మిరియాలు. ఇక్కడ పళ్ళెంలో పెట్టి ఫోర్కు, కెచప్ ఇస్తారు. ఫిగ్గీహాబిన్ అని కిస్మిస్, వాల్‌నట్ పెట్టి చుట్టిన తీపి పిండివంట, పైన వేడి క్యారమెల్, మీగడ. ఇద్దరికి ఒకటి చాలు. నలుగురు తింటే టిప్పుతో కలిపి డెబ్బై డాలర్లు అయింది. మాంసం తినని మాకు కూరగాయల పాస్టీ అడిగితే వడ్డించే ఆవిడ లోపలికి వెళ్ళి, వచ్చి, ఉంది కానీ నలభై నిమిషాలు అంది. ఉడికించిన కూరతో చేస్తే పది నిమిషాల్లో అయిపోను. అసలు పద్ధతిలో అన్నీ పచ్చివే పెట్టి మూసి కాలుస్తారు కాబట్టి అంత సమయం న్యాయమే.

అసలు పని సమాధుల తోటలో. ప్రభుత్వ కాగితాలు ఇంగ్లండ్ దగ్గర ఆగిపోతే, రాయి మాత్రం తరచూ ఊరిపేరు చెప్తుంది. ఫలానా పారిష్‌లో (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) పుట్టినవాడు, కార్న్‌వాల్ అని చెక్కించుకోవడం ఈ గని కార్మికుల అలవాటు. పాతరాయి చదవడానికి ఎండ ఏటవాలుగా పడే ఉదయం ఎనిమిది, తొమ్మిది మంచివి. నడినెత్తిన ఎండ ఉంటే అక్షరాలు మాయమౌతాయి. చెట్టునీడ ఉంటే ఒకరు అద్దం పట్టుకుని రాతి పక్కనుంచి వెలుగు కొట్టాలి. ఫోను టార్చి కూడా అలాగే, ఎదురుగా కాదు, పక్కనుంచి రాతిమీద జారేలా. మట్టి ఉంటే మంచినీళ్ళు, మెత్తని బ్రష్షు, కిందనుంచి పైకి. పైనుంచి మొదలుపెడితే మురికినీరు కారి చారలు పడతాయి. షేవింగ్ క్రీము, పిండి, బ్లీచు, ఇనుపబ్రష్షు రాతిని తినేస్తాయి. ఇంటర్నెట్‌లో ఎవరెన్ని వీడియోలు పెట్టినా వద్దు.

మాకు దొరికిన రాయి సగం భూమిలోకి కూరుకుపోయింది. తవ్వకుండా గడ్డి పక్కకి తీసి చూస్తే కార్న్‌వాల్‌లోని ‘గ్వెన్నప్’ పారిష్ పేరులో మొదటి నాలుగక్షరాలు కనిపించాయి. మా వియ్యపురాలు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో అక్షరాన్నీ వేలితో తడిమి పైకి చదివింది. కింద వయసు: ఇన్ని ఏళ్ళు, ఇన్ని నెలలు, ఇన్ని రోజులు. చనిపోయిన తేదీలోంచి అది తీసేస్తే పుట్టిన తేదీ వస్తుంది. ఒకటి రెండు రోజులు అటూఇటూ ఉండొచ్చు, పర్లేదు. ఒక్క రాయికే ఫొటో తీసి వచ్చేయకుండా చుట్టుపక్కల పది రాళ్ళూ తీయాలి. ఈ ఊళ్ళకి కార్న్‌వాల్ వాళ్ళు ఒంటరిగా రాలేదు. అన్న వెనక తమ్ముడు, బావ, పొరుగింటివాడు వచ్చారు. ఆ పక్కరాళ్ళ పేర్లే తర్వాత అక్కరకొచ్చాయి.

సెప్టెంబర్ 8 – డాడ్జ్‌విల్, ప్లాట్‌విల్

ఎనిమిది మైళ్ళ ఉత్తరాన డాడ్జ్‌విల్‌లో 1859 నాటి రాతి కోర్టు భవనం, ఇప్పటికీ వాడుకలో ఉంది. భూమి దస్తావేజులు ఇక్కడే. ఈ సీసపు భూముల్ని ప్రభుత్వం చాలాకాలం అమ్మకుండా అట్టేపెట్టుకుంది. 1846లో చట్టం వచ్చాకే అమ్మకానికి వదిలింది. అందుకే 1830ల్లో వచ్చినవాడి పేరు మీద పట్టా వెతికి, లేదని నిరాశపడటం అనవసరం.

పౌరసత్వం కాగితాలు ప్లాట్‌విల్ యూనివర్సిటీ లైబ్రరీలో భద్రపరిచారు. 1906కి ముందు ఇవి చాలా పేద కాగితాలు. విక్టోరియా రాణికి విధేయత వదులుకుంటున్నానన్న వాక్యం, సంతకం లేదా ఇంటుమార్కు, తేదీ. ఊరుండదు. పైగా చాలామందికి మొదటి కాగితమే ఉంటుంది, రెండోది ఉండదు. 1848 నాటి విస్కాన్సిన్ రాజ్యాంగం ప్రకారం పౌరుణ్ణి కాబోతున్నానని ప్రకటించిన తెల్ల మగవాడికి ఓటు వచ్చేసేది. ఓటు చేతికొచ్చాక మళ్ళీ కోర్టు చుట్టూ తిరిగే ఓపిక ఎవరికుంటుంది? భార్య పేరుతో వేరే కాగితం వెతకొద్దు, 1855 చట్టం నుంచి భర్త పౌరుడైతే ఆమెకీ పౌరసత్వం వచ్చేది.

ఓడ జాబితా దొరకలేదు, దొరకదు కూడా. ఓడలో వచ్చినవాళ్ళ పేర్లు ఇమ్మని అమెరికా రేవులు అడగడం 1820లో మొదలైంది. కానీ కార్న్‌వాల్ వాళ్ళు చాలామంది కలప తెచ్చే ఓడలు ఖాళీగా తిరిగి వెళ్ళేటప్పుడు పాడ్‌స్టో లాంటి రేవుల్లో ఎక్కి కెనడాలోని క్యూబెక్‌లో దిగారు. ఆ రేవు జాబితాలు 1865 నుంచే ఉన్నాయి. కెనడా సరిహద్దు దాటినవాళ్ళని రాయడం 1895కి గానీ మొదలవలేదు. ఎల్లిస్ ఐలండ్‌లో పేరు మార్చేశారన్న కథ ఈ తరానికి అసలు అతకదు. అది తెరిచింది 1892లో.

ప్లాట్‌విల్‌లో 1845 నాటి బెవన్స్ సీసపు గనిలోకి మెట్లు దిగి చూడొచ్చు. బయట ఉక్క, లోపల చలి. స్వెట్టరు కారులో వదిలేయకండి.

సెప్టెంబర్ 11 – రెడ్రూత్

లండన్ పాడింగ్టన్ నుంచి పెన్‌జాన్స్ వెళ్ళే రైల్లో దాదాపు ఐదు గంటలు. రెడ్రూత్‌లో పాత బీరు ఫ్యాక్టరీని బాగుచేసి 2019లో క్రెసెన్ కెర్నో అనే దస్త్రాల కేంద్రం తెరిచారు. కార్న్‌వాల్ దస్త్రాలన్నీ ఒక్కచోట. ప్రవేశం ఉచితం. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిలే. అసలు రిజిస్టర్ల నకళ్ళు తెరమీద చూస్తాం, కాబట్టి ఇంటి దగ్గరే ఫ్యామిలీసెర్చ్, కార్న్‌వాల్ ఆన్‌లైన్ పారిష్ క్లర్క్స్ సైట్లలో ఉచితంగా వెతికి, అక్కడ తేలని ప్రశ్నలే ఇక్కడికి తేవాలి.

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ నమోదు 1837 జులై 1న మొదలైంది. అంతకుముందు పుట్టినవాడికి బాప్తిస్మం రిజిస్టరే దిక్కు. 1813 నుంచి అది అచ్చు ఫారం. తండ్రి వృత్తి, ఉంటున్న పల్లె కూడా రాయాలి. ఆ పల్లె గడి బంగారం. మేం వెతికే పేరుతో గ్వెన్నప్ రిజిస్టర్లో ఒకే ఏడాదిలో ఇద్దరు పిల్లలు. ఒకడి ఇల్లు కారరాక్, ఇంకొకడిది లానర్. ఇద్దరి తండ్రులూ గని పనివాళ్ళే. 1841 లెక్కల్లో ఇద్దరికీ వయసు 20 అని ఉంది. ఆ ఏడు పదిహేను దాటినవాళ్ళ వయసుని కిందికి, ఐదుల్లోకి దించి రాసేవాళ్ళు. ఇరవై అంటే ఇరవై నాలుగు కూడా కావచ్చు. 1851లో సరైన వయసు, పుట్టిన పారిష్ రాశారు. అందులో లానర్ వాడు ఉన్నాడు, కారరాక్ వాడు లేడు.

లేనివాడే మనవాడని ఇక్కడ చాలామంది గంతేస్తారు. అతను చచ్చిపోయి ఉండొచ్చు, ఆస్ట్రేలియా పోయి ఉండొచ్చు. ఖననం రిజిస్టరూ, మరణాల ఇండెక్సూ, పక్క పారిష్ పెళ్ళిళ్ళూ చూసి, ఇద్దరిలో ఒక్కొక్కణ్ణి చివరిదాకా వెంటాడాలి. మాకు పెళ్ళి రిజిస్టరు దారి చూపింది. సాక్షిగా సంతకం పెట్టినవాడి ఇంటిపేరే మినరల్ పాయింట్‌లో పక్కరాయి మీద ఉంది. ఇప్పుడు తేల్చినట్టే అనిపించింది.

గ్వెన్నప్‌లో మెథడిస్టులు (ఇంగ్లండ్ అధికార చర్చికి బయట పెరిగిన క్రైస్తవ శాఖ) ఎక్కువ. పారిష్ చర్చిలో బాప్తిస్మం కనబడకపోతే చాపెల్, అంటే వాళ్ళ ప్రార్థనామందిరం, రిజిస్టరు చూడాలి. అవి 1837 తర్వాత లండన్‌కి అప్పజెప్పారు, ఇప్పుడు లండన్‌లో క్యూ అనేచోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జి 4 అనే వరస కింద ఉన్నాయి. వాటికోసం క్యూ దాకా పోనక్కర్లేదు, ఆన్‌లైన్‌లోనే చూడొచ్చు. 1837 తర్వాతి సర్టిఫికెట్టు కావాలంటే జనరల్ రిజిస్టర్ ఆఫీసుకి 12.50 పౌండ్లు. 1875కి ముందు నమోదు చేయించకపోయినా తల్లిదండ్రులకి జరిమానా పెద్దగా ఉండేది కాదు కాబట్టి కొందరి పేర్లు ఎక్కనే లేదు.

బేకరీలో పాస్టీ ఐదు పౌండ్ల చిల్లర. ఇక్కడ పళ్ళెం, ఫోర్కు అడిగితే విచిత్రంగా చూస్తారు. కాగితం సంచీలోనే పట్టుకుని ఒక కొసనుంచి కొరుక్కుంటూ రావాలి. 2011 నుంచి కార్నిష్ పాస్టీ పేరుకి చట్టరక్షణ ఉంది. బీఫ్ ముక్కలుగా కోసినదైనా, కైమా అయినా సరే. క్యారెట్ వేస్తే అది కార్నిష్ కాదు. కౌంటరు దగ్గర అరవై దాటిన ఆవిడ మా ఆవిణ్ణీ నన్నూ కూడా ‘మై లవర్’ అని పిలిచింది. ఈ ఊళ్ళో అది ‘అమ్మా, నాయనా’ అన్నంత మామూలు పిలుపు. ఏదైనా ‘డ్రెక్లీ’ చేస్తామన్నారంటే మాత్రం వెంటనే అనుకోకండి. తీరినప్పుడు అని.

సెప్టెంబర్ 12 – గ్వెన్నప్

జీపీఎస్‌లో గ్వెన్నప్ పిట్ అని కొడితే గ్వెన్నప్ చర్చికి చేరం. రెండింటికీ మధ్య రెండు మైళ్ళ దూరం, వేర్వేరు దారులు. పిట్ అంటే మెథడిస్టు శాఖకి మూలపురుషుడు జాన్ వెస్లీ పద్దెనిమిదిసార్లు ప్రసంగించిన గుండ్రటి గుంత. కింద గని కుంగడం వల్ల ఏర్పడిందంటారు. ఇప్పుడున్న గడ్డి మెట్లు 1806లో తీర్చారు. అడుగున నిలబడి మామూలు గొంతుతో మాట్లాడినా పై వరసకి వినబడుతుంది, ప్రయత్నించి చూశాం.

చర్చివైపు దారులు మనిషెత్తు రాతికట్టల మధ్య ఒక్క కారు పట్టేంత. ఎదురుగా ట్రాక్టరొస్తే వెనక్కి ఎవరు వెళ్ళాలన్నది వాదన కాదు, మలుపుజాగా దగ్గరున్నవాళ్ళు వెళ్తారు. దారిచ్చినవాళ్ళకి చేయెత్తకపోతే మహా మర్యాదతక్కువ. అద్దెకారు తీసుకునేవాళ్ళు చిన్నదే తీసుకోవాలి.

పారిష్ చాలా పెద్దది. 19వ శతాబ్దం నడుమ సెయింట్ డే, లానర్ విడిపోయి వేరు పారిష్‌లయ్యాయి. అందుకే అన్న బాప్తిస్మం ఒకచోట, తమ్ముడిది ఇంకోచోట ఉంటే కుటుంబం ఇల్లు మారిందని అనుకోకూడదు. ఇల్లు అక్కడే ఉంది, గీత మారింది. ఈ చుట్టుపక్కల రాగి ఎంత దొరికిందంటే పాతప్రపంచంలోకల్లా సంపన్నమైన చదరపు మైలు అనేవారు. ఆ సంపన్నత వాళ్ళ ఇళ్ళకి రాలేదు. గనిలోంచి నిచ్చెనలెక్కి పైకొచ్చేసరికి ఊపిరి పోయేది. మనుషుల్ని పైకీ కిందకీ దించే యంత్రం బ్రిటన్‌లో మొదట పెట్టింది లానర్ పక్కనున్న ట్రెసావియన్ గనిలో, 1842లో. ఇంకో మూడు నాలుగేళ్ళకి బంగాళదుంపకి తెగులు. ఎందుకు వెళ్ళారన్న ప్రశ్నకి ఇక్కడ జవాబు వెతకనక్కర్లేదు.

సెప్టెంబర్ 13 – సెయింట్ కెవెర్న్

వంశవృక్షానికి అవసరం లేకపోయినా వెళ్ళాం. 1855 మే 3న ప్లిమత్ నుంచి క్యూబెక్‌కి వలసదారులతో బయల్దేరిన ‘జాన్’ అనే ఓడ ఆ రాత్రే ఇక్కడి సముద్రంలోని మనాకల్స్ రాళ్ళకి కొట్టుకుంది. సుమారు 190 మంది పోయారు. ఓడ సిబ్బంది మాత్రం బతికారు. చర్చి ఆవరణలో సామూహిక సమాధి ఉంది. ఓడ జాబితా లేని క్యూబెక్ దారి ఎలాంటిదో ఇక్కడ తెలుస్తుంది. ఊళ్ళో టీ దుకాణంలో స్కోన్ అనే చిన్న రొట్టెకి జామ్ ముందు, మీగడ తర్వాత. తిరగేసి పూస్తే అది పక్కజిల్లా డెవన్ పద్ధతి. దుకాణం ఆవిడ నవ్వుతూనే చెప్పింది, కానీ చెప్పకుండా వదల్లేదు. కుంకుమపువ్వు బన్ను రెండు పౌండ్లలోపు.

సెప్టెంబర్ 14 – ట్రూరో

బస్సుకి మనిషికి 3 పౌండ్లు దాటదు, ఎంత దూరమైనా. 1876 దాకా కార్న్‌వాల్ అంతా ఎక్సెటర్ బిషప్ కింద ఉండేది. ట్రూరోకి ప్రత్యేక బిషప్ ఆ తర్వాతే. చర్చి రిజిస్టరు చెదలుపట్టి పోయినచోట బిషప్‌కి ఏటేటా పంపిన నకలు పనికొస్తుంది. ఆ పాత నకళ్ళ మూలం ఎక్సెటర్‌తో ముడిపడి ఉంటుందని గుర్తుంచుకుంటే వెతుకులాట తగ్గుతుంది.

ఈ ఊరిపేరే ఉన్న ‘ట్రూరో’ ఓడ 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి కూలీలతో దక్షిణాఫ్రికాలోని నాటాల్ రేవు డర్బన్ చేరింది. అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ నాటాల్ జాబితాల్లో తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు అన్నీ రాశారు. ఒప్పందం కింద కొన్న శ్రమకి లెక్క అంత పక్కాగా రాసుకున్నారు. తన ఇష్టంతో టిక్కెట్టు కొనుక్కుని పోయిన ఇంగ్లీషు గని కార్మికుడి ఊరికోసం మాత్రం రాయి కడగాల్సొచ్చింది. దక్షిణాఫ్రికా తెలుగు కుటుంబాలవాళ్ళు ఆ జాబితాలు వెతుక్కోవాలంటే తమ పూర్వీకుడి కలోనియల్ నంబరు సంపాదించుకోవాలి. పేరుకన్నా అదే తొందరగా దారి చూపిస్తుంది, పాత పెళ్ళి సర్టిఫికెట్ల మీద తరచూ ఉంటుంది.

మాకు మిగిలిన పని ఒకటుంది. గని కార్మికుడి మరణవార్త ఊరికి చేరితే ‘వెస్ట్ బ్రిటన్’ పత్రిక దూరదేశాల మరణాల కింద వేసేది. రాతి మీది తేదీ తర్వాత రెండు మూడు నెలల సంచికలు చూడాలి, ఉత్తరం ఓడలో రావడానికి వారాలు పట్టేవి మరి. వియ్యపురాలు ఆ సంచికల తేదీల పట్టీ రాసుకుని రైలెక్కింది.